ఇటుక పీల్చిన గాలి

ఆ రోజు పొద్దున కోడలు వేసుకున్న లెక్కలో చిక్కేమీ లేదు. ఆఫీసుకు వెళ్లి తను తయారుచేసిన గాలి పెట్టెను తీసుకోవాలి. టాక్సీలో ఇంటికి తెచ్చి హాల్లో పెట్టి, స్విచ్ ఎక్కడుందో అత్తగారికి చూపించాలి. అదే టాక్సీలో బస్టాండుకు వెళ్లి, ఫ్యాక్టరీ ఉన్న ఊరికి బస్సెక్కాలి. అక్కడ ఆమెకు వారం పని. ఆ వారమంతా ఇక్కడ ఇంట్లో పెట్టెకు పరీక్ష.

గాలి పెట్టె అన్నది ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు. గదిలో గాలిని ఒక పక్క నుంచి లోపలికి లాక్కుని, దుమ్మూ ధూళీ వడకట్టి, రెండో పక్క నుంచి వదిలే యంత్రం అది. నిలబెట్టిన దిండంత ఉంటుంది. కోడలు ఆ కంపెనీలో చేరినప్పటి నుంచీ ఇతరులు చేసే వస్తువులకు పిడులూ మూతలూ గీసిపెట్టడమే ఆమె పని. మొదటి గీత నుంచి చివరి స్క్రూ వరకూ తనదే అయిన వస్తువు ఇదొక్కటే. ఇది నెగ్గితే ఇకమీదట ఆమెకు సొంత పని ఇస్తారు. ఓడితే పెట్టె అటకెక్కుతుంది, ఆమె మళ్లీ మిక్సీ మూతల దగ్గరికి వెళుతుంది.

నెగ్గించేదీ ఓడించేదీ అత్తగారే. అది ఆ కంపెనీ రివాజు. కంపెనీ యజమానిని అందరూ పెద్దసారు అంటారు. ఒకప్పుడు ఆయన ప్రతి కొత్త వస్తువునూ చేసినవాళ్ల తల్లుల దగ్గరికి పంపి పరీక్ష చేయించేవాడు. తల్లులందరూ ఆహా ఓహో అన్న ఇస్త్రీ పెట్టె ఒకటి బజారులోకి వెళ్లి ఊరందరి చొక్కాలూ కాల్చి తిరిగొచ్చింది. "కాకి పిల్ల కాకికి ముద్దు. తల్లుల మాట నమ్మి మునిగాను," అని చెంపలు వేసుకుని ఆయన కొత్త పద్ధతి పెట్టాడు. ఆడవాళ్లు చేసిన వస్తువు వాళ్ల అత్తగారింట్లో వారం ఉండాలి. అల్లుడు ఏం చేసినా అత్తగారు మెచ్చుకుంటుంది కాబట్టి, మగవాళ్లు చేసిన వస్తువు బావమరిది ఇంటికి వెళ్లాలి. "కోడలు చేసినదాన్ని అత్త మెచ్చుకుందంటే ఇక ఆ వస్తువుకి లోకంలో ఎదురు లేదు," అనేవాడు.

ఆఫీసులో రంగుల మాస్టారు అని ఒకాయన ఉన్నాడు. ప్రతి యంత్రానికీ ఒక ఉత్తుత్తి బొమ్మ చేసి, షోకేసులో పెట్టడానికీ ఫొటోలకీ ఇవ్వడం ఆయన పని. బొమ్మ లోపల ఏమీ ఉండదు. పైకి మాత్రం అసలుకూ బొమ్మకూ చేసినవాళ్లే తేడా చెప్పలేరు. గాలి పెట్టె బొమ్మ ఆయన చేతిలో మరీ బాగా కుదిరింది. "ఎత్తితే బరువుండాలి మాస్టారూ. బరువుంటేనే జనానికి గౌరవం," అని కోడలు తనే చెప్పడంతో లోపల ఒక ఇటుక బిగించాడు. దీపం లేకపోతే ప్రాణం లేనట్టుందని తనకే తోచి, వైరు లాగి పచ్చ దీపం కూడా పెట్టాడు.

ఆ పొద్దున ఆయన అసలునూ బొమ్మనూ పక్కపక్కన పెట్టి మెరిసేలా తుడిచాడు. తుడిచాక ఏది ఏదో ఆయనకే తెలియలేదు. ఎవరినైనా అడిగితే నామోషీ. పైగా తన పనితనం అంత గొప్పదా అని లోలోపల సంతోషం కూడా వేసింది. ఒకదాన్ని కోడలి బల్ల మీద పెట్టాడు, ఒకదాన్ని షోకేసులో పెట్టాడు. కోడలు వచ్చి బల్ల మీదిదాన్ని ఎత్తి చూసింది. బరువు సరిగ్గానే ఉంది. చంకన పెట్టుకుని పరుగెత్తింది.

ఇంటికొచ్చేసరికి ఆలస్యమైపోయింది. కింద టాక్సీ హారన్ ఆపకుండా మోగుతోంది.

"అత్తయ్యా, ఇదిగో స్విచ్. వేస్తే పచ్చ దీపం వస్తుంది. అంతే. మోత చేయదు."

"మోత చేయదా? అయితే మీ మామయ్యకన్నా నయమే."

"మోత లేకపోవడమే దీని గొప్పతనం. మా పెద్దసారు ఫోన్ చేస్తారు. మొహమాటపడకుండా మీకేమనిపిస్తే అది చెప్పండి."

"అది సరేగానీ, ఏమన్నా తిన్నావా?"

"బస్సులో తింటాను అత్తయ్యా."

"బస్సులో తినేవాళ్ల మొహంలాగే ఉంది. ఏడాదిలో ఒక్కసారైనా అద్దం చూసుకున్నావా నువ్వు?" అని అత్తగారు అనేసరికి కోడలు మెట్లు దిగిపోయింది.

అత్తగారు స్విచ్ వేసింది. పచ్చ దీపం వెలిగింది. ఆమె పెట్టెకు చెవి ఆనించి విన్నది. చప్పుడు లేదు. అరచెయ్యి పెట్టి చూసింది. గాలి లేదు. చిన్న కాగితం ముక్క తెచ్చి ఒక పక్క పెట్టింది, ఇంకో పక్క పెట్టింది. కాగితం సోమరిపోతులా పడి ఉంది.

కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న మామగారు గొంతు సవరించుకున్నాడు. ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి దిగిపోయినవాడు. ఇన్నేళ్ల దుమ్మూ పొగా మిగిల్చిన దగ్గు ఒకటి ఆయనతోనే ఉంది. పాత బండి స్టార్టయినట్టు మొదలై, ఎప్పుడు ఆగుతుందో చెప్పలేకుండా సాగుతుంది.

"పనిచేస్తున్నట్టు లేదే," అన్నాడు.

"మీకెలా తెలుసు? గాలి కనిపిస్తుందా, కడిగితే కనిపించడానికి?"

"కాగితం కదల్లేదు కదా."

"కాగితాలు కదిలించడానికి చేశారా దీన్ని? ఏమండీ, ఒక మాట చెప్తాను వినండి. ఇది పనిచేస్తోంది. మీ దగ్గు తగ్గిపోయింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఆ సారు ఫోన్ చేసినప్పుడు దగ్గకండి."

"దగ్గు నా చేతిలో ఉందిటే?"

"నోట్లో ఉందిగా. మూసుకోండి."

ఇంట్లో నాలుగో మనిషి కొడుకు. గూడ్సు రైలు నడుపుతాడు. వేళాపాళా లేకుండా వస్తాడు, వచ్చి పడుకుంటాడు, లేచి వెళతాడు. ఈ కథలో కూడా ఆయన చాలామటుకు నిద్రలోనే ఉంటాడు.

మర్నాడు పెద్దసారు ఫోన్ చేశాడు. "అమ్మా, మీరు ఉన్నదున్నట్టు చెప్పాలి. కోడలని మొహమాటం వద్దు."

అత్తగారు లోకం చూసిన మనిషి. ఊరికే పొగిడితే ఎవరూ నమ్మరనీ, పొగడ్తకు ముందు నాలుగు తిట్లు పరిస్తేనే అది నిలబడుతుందనీ ఆమెకు తెలుసు.

"నాకేం మొహమాటం బాబూ? మా కోడలికి గిన్నె తోమడం రాదు. బట్ట మడతపెట్టడం రాదు. పాలు పొయ్యి మీద పెట్టి బొమ్మలు గీసుకుంటూ కూర్చుంటుంది, పొంగి పొయ్యి ఆరిపోయినా తెలియదు. ఆ పిల్ల చేసిందన్నారని దీన్ని ఓ మూల పడేద్దామనే అనుకున్నాను."

"మరి?" పెద్దసారు గొంతులో ఆత్రం.

"ఏం చెప్పమంటారు! మా ఆయన దగ్గు ఆగిపోయింది."

సరిగ్గా అప్పుడే లోపలి గదిలో మామగారికి దగ్గు తన్నుకొచ్చింది. ఆయన దిండును నోటికి అదుముకున్నాడు. దిండులోంచి వచ్చిన చప్పుడు మంచాన్ని ఈడ్చినట్టుంది.

"ఆ చప్పుడేమిటమ్మా?"

"పై వాటాలో సామాన్లు సర్దుతున్నారు. రోజూ అదే గోల."

ఫోన్ పెట్టేసి పెద్దసారు ఆఫీసంతా తిరిగి చెప్పాడు. కోడల్ని అంత తిట్టిన అత్త ఆ నోటితోనే వస్తువును మెచ్చుకుందంటే, తన పద్ధతికి ఇంతకన్నా ఋజువేం కావాలి? స్వయంగా వచ్చి చూస్తానని మళ్లీ ఫోన్ చేశాడు.

యజమాని వస్తున్నాడనేసరికి అత్తగారికి హాలు వైపు చూడాలంటేనే సిగ్గేసింది. కోడలి యంత్రం ఇలాంటి కొంపలో ఉంటే దానికేం విలువ? గోడ వారన పేర్చిన పాత పేపర్ల గుట్టను తీయించేసింది. చెప్పుల అర వరండాలోకి పోయింది. తన రంగు తనే మరిచిపోయిన కర్టెను ఉతికితే నీలమని తేలింది. కర్టెను వెనక ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన కిటికీని మామగారు భుజంతో నెట్టి తెరిచాడు. పెట్టెను నడిమధ్య బల్ల మీద, వధువును కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు.

రెండ్రోజులు గడిచేసరికి మామగారి దగ్గు నిజంగానే నెమ్మదించింది. మరి ఆ పేరు ఎవరికి దక్కాలి? చీపురుకూ కిటికీకీ పచ్చ దీపాలు లేవు.

"ఏమే, తగ్గిందే!" అన్నాడు మామగారు గొంతు తడుముకుంటూ.

"అదే చెప్పమన్నాను."

"చెప్పడం కాదే, నిజంగా తగ్గింది!"

అత్తగారు ఆయన మొహం వైపు, పెట్టె వైపు మార్చి మార్చి చూసింది. అబద్ధం చెప్పమన్న మనిషి నమ్మేస్తే ఏం చేయాలో ఆమె ఆలోచించి పెట్టుకోలేదు. ఆ రోజు నుంచి మామగారు కుర్చీ తెచ్చి పెట్టెకు ఎదురుగా వేసుకుని కూర్చోసాగాడు. పై వాటాలో ఉండే టీచరమ్మకు సంగతి చెప్పాడు. ఆవిడకు పొద్దస్తమానం తుమ్ములు. వచ్చి కాసేపు కూర్చుంది. కూర్చున్నంతసేపూ ఒక్క తుమ్మూ రాలేదు. తుమ్ము వస్తుందేమోనని ముక్కు మీదే ధ్యాస పెట్టి కూర్చుంటే ఏ తుమ్మయినా భయపడుతుంది. ఆవిడ వెళ్లి కింది వాటా దర్జీకి చెప్పింది. దర్జీ తన భార్యను తీసుకొచ్చాడు.

హాలు కిక్కిరిసిపోయింది. మామగారిలో కండక్టరు నిద్రలేచాడు. "లోపలికి జరగండి! గుమ్మంలో నిలబడకండి! కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డవాళ్లకి ఇవ్వండి!"

"నేను ముందొచ్చాను అన్నయ్యగారూ," అంది టీచరమ్మ.

"ముందొస్తే ముందే దిగాలమ్మా. లేవండి, లేవండి. దర్జీగారి వంతు."

పెద్దసారు వచ్చేటప్పటికి ఈ జాతర నడుస్తోంది. ఆయన్ని మంచి కుర్చీలో కూర్చోబెట్టారు. తెరిచిన కిటికీ వీపు వెనకే ఉంది. ఆయన కళ్లు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చాడు.

"ఆహా! చిన్నప్పుడు కొండ మీద పీల్చిన గాలి ఇదే! యంత్రం ఉన్నట్టే తెలియడం లేదు చూశారా? మోత లేదు, ఊపు లేదు. ఇదీ పనితనమంటే."

అత్తగారు ఆయన వైపు తేరిపార చూసింది. తనలాగే ఈయన కూడా కోడలి కోసం అబద్ధమాడుతున్నాడేమోనని ఒక్క క్షణం ఆయన మీద ఆమెకు అభిమానం కలిగింది.

పెద్దసారు ఊళ్లో పెద్ద దుకాణాలున్న ఒకావిడకు అక్కడినుంచే ఫోన్ చేశాడు. ఆవిడ సరేనంటే ఏడాది పాటు ఎన్ని పెట్టెలు చేసినా చాలవు. వారం చివరి రోజు పొద్దున ఆవిడను ఈ ఇంటికే తీసుకొస్తానన్నాడు. తర్వాత ఫ్యాక్టరీలో ఉన్న కోడలికి చెప్పాడు. "మీ అత్తగారు మెచ్చుకున్నారమ్మా! మీ మామగారి దగ్గు ఆగిపోయిందట! నీకు గిన్నె తోమడం కూడా రాదట, అయినా సరే మెచ్చుకున్నారు!"

అత్తగారి నోట తన పని గురించి ఇంతవరకూ ఒక్క మాట కూడా కోడలు వినలేదు. ప్లాస్టిక్ పోతపోసే అచ్చుల మిషన్ పక్కకు వెళ్లి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుంది. తుడుచుకోవడం అయీకాకుండానే ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి రంగుల మాస్టారు.

"అమ్మాయ్, ఒక వింత చూశాను. షోకేసులో మన బొమ్మ లేదూ? ఇవాళ దీపం కోసమని ప్లగ్గు పెట్టారు. అది గాలి ఊదుతోంది. లోపలున్న కాగితం పువ్వులన్నీ ఎగిరి అద్దానికి అతుక్కుపోయాయి. నేను దానిలో మోటారు పెట్టిన గుర్తు లేదు."

కోడలు ఫోన్‌ను చెవికి అదుముకుంది. "మాస్టారూ, అది బొమ్మ కాదు. అదే అసలుది. మరి మా ఇంట్లో ఉన్నదాంట్లో ఏముంది?"

మాస్టారు కాసేపు ఆలోచించాడు.

"ఇటుక," అన్నాడు.

తిరుగు ప్రయాణం పొడవునా కోడలు ఒకటే మథనపడింది. ఇటుకను పట్టుకుని మామయ్య దగ్గు తగ్గిందన్నారంటే, అత్తయ్య ఎంత తెగించి ఉంటుంది! సంగతి బయటపడితే తన పెట్టె పోతుంది, సరే. కానీ పదిమందిలో అత్తయ్య అబద్ధాలకోరు అవుతుంది. అది మాత్రం జరగకూడదు. ఎవరికీ తెలియకుండా బొమ్మ తీసేసి అసలుది పెట్టేస్తే చాలు. ఇటుకనే మెచ్చుకున్నవాళ్లు అసలుదాన్ని నెత్తిన పెట్టుకోరూ?

చివరి రోజు పొద్దున ఆమె రంగుల మాస్టారితో కలిసి, దుప్పటిలో చుట్టిన అసలు పెట్టెతో ఇల్లు చేరింది. హాల్లో అప్పటికే జనం.

"వచ్చావా! మొహం చూడు, వారంలో ఇంకా సగమయింది," అంది అత్తగారు. "ఆ మూటేమిటి?"

"మాసిన బట్టలు అత్తయ్యా. పెట్టెను ఒకసారి లోపలికి తీసుకెళ్లి తుడుచుకొస్తాను. పెద్దవాళ్లొస్తున్నారు కదా."

"దాన్ని పొద్దున్నే తుడిచాను."

"ఇంకోసారి తుడుస్తాను."

"గిన్నెలు తుడవమంటే ఈ ఉత్సాహం ఉండదు," అని అత్తగారు దారిచ్చింది.

పడకగదిలో కొడుకు నిద్రపోతున్నాడు. కోడలు మూట విప్పి అసలు పెట్టెను తీసి, బొమ్మను మంచం పక్కన కింద పెట్టింది. అలికిడికి కొడుకు ఒక కన్ను తెరిచాడు.

"రెండున్నాయేంటి?"

"నిద్రలో ఉన్నారు మీరు. పడుకోండి."

"ఓహో," అని ఆయన పడుకున్నాడు.

అసలు పెట్టె బల్ల ఎక్కింది. కాసేపటికి పెద్దసారు దుకాణాలావిడను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ నెరిసిన జుట్టు మనిషి. ఎవరేం చెప్పినా తల ఊపుతుంది గానీ మొహంలో ఏమీ కనపడనీయదు. అందరూ కుర్చీల్లో సర్దుకున్నాక, పెద్దసారు సైగ చేస్తే అత్తగారు స్విచ్ వేసింది.

పచ్చ దీపం వెలిగింది. పెట్టె సన్నగా జుమ్మంది. చల్లటి గాలి ఒక పాయలా బయటికి వచ్చింది.

"అయ్యో! పాడైపోయింది!" అని మామగారు లేచి నిలబడ్డాడు.

"నా మెడ మీద గాలి కొడుతోంది," అంది టీచరమ్మ పైట కప్పుకుంటూ. "నిన్నటిదాకా ఎంత హాయిగా ఉండేది!" అని ఒక తుమ్ము తుమ్మింది. ఇన్నాళ్లూ ఆపుకున్నదేమో, తుమ్ము తర్వాత తుమ్ము వరసగా వచ్చాయి. అది విని మామగారికి దగ్గు అందుకుంది. దర్జీ భార్య తల దిమ్ముగా ఉందని గుమ్మంలోకి వెళ్లింది.

పెద్దసారు చెమట తుడుచుకున్నాడు. "మొన్న ఇలా లేదండీ. కొండగాలిలా ఉండేది. ఈ మోత ఎక్కడినుంచి వచ్చింది?"

అత్తగారు గబుక్కున స్విచ్ ఆపేసి, పెట్టెకు అడ్డంగా నిలబడింది.

"ఇది మా కోడలు చేసింది కాదు. ఎవరో మార్చేశారు."

"అత్తయ్యా, నేను చేసింది ఇదే," అంది కోడలు ఏడుపు గొంతుతో.

"నీకు తెలీదు, నువ్వూరుకో! నీ పెట్టె ఇలా జుయ్యిమనదు. వారం నుంచీ దాంతో కాపరం చేసింది నేను. దొంగసొత్తేదో తెచ్చిపెట్టి నా పిల్ల పేరు చెడగొడతారా?" ఆమె చూపు రంగుల మాస్టారి మీద పడింది. "ఎవరితను? పొద్దున్నించీ గోడకతుక్కుని నిలబడ్డాడు?"

మాస్టారు గోడలోకి ఇంకిపోవాలని చూశాడు. అంతలో పడకగది తలుపు తెరుచుకుంది. కొడుకు కళ్లు నలుపుకుంటూ, కుంటుకుంటూ వచ్చాడు. చేతుల్లో రెండో పెట్టె.

"దీన్ని మంచం పక్కనెవరు పెట్టారు? వేలు పగిలింది నాకు," అని, హాలునిండా మనుషులుండటం అప్పుడే గమనించి, లుంగీ సర్దుకోబోయి చేతులు వదిలేశాడు. పెట్టె నేలమీద పడింది. మూత ఊడింది. ఇటుక దొర్లుకుంటూ వెళ్లి దుకాణాలావిడ చెప్పుల దగ్గర ఆగింది.

అందరూ మెడలు చాచి దాన్ని చూశారు. చివరికి టీచరమ్మ అడిగింది. "ఇటుక గాలిని శుభ్రం చేస్తుందా?"

"కాల్చిన ఇటుక కదా," అన్నాడు మామగారు ఆశ చావక.

కోడలు ముందుకొచ్చింది. "తప్పు నాదండీ. పొద్దున తొందరలో షోకేసు బొమ్మను తెచ్చి పెట్టాను. ఇంట్లోవాళ్లకేమీ తెలియదు. వాళ్లని ఏమీ అనకండి."

పెద్దసారు మొహం ఎర్రబడింది. తన పద్ధతి, తన పరువు రెండూ ఆ ఇటుకలా నేలమీద ఉన్నాయి. అత్తగారి వైపు తిరిగాడు. "అమ్మా! మిమ్మల్ని నమ్మాను. అత్తగారన్నాక నిజం చెబుతుందని నమ్మాను. దగ్గు ఆగిందన్నారే?"

"మీరు కొండగాలి అనలేదూ?"



దుకాణాలావిడ వంగి ఇటుకను పక్కకు జరిపింది. మొదటిసారి నోరు విప్పింది. "అది పనిచేయడం లేదని మీకెప్పుడు తెలిసింది వదినా?"

వదినా అనేసరికి అత్తగారికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మొదటిరోజే. కాగితం పెట్టి చూశాను, కదల్లేదు. కదల్లేదని నా నోటితో ఎలా చెప్పను? ఏడాదిగా ఆ పిల్ల తిండీ నిద్రా లేకుండా దీని వెంట పడింది. నిద్రలో దీని కొలతలే కలవరించేది. రేపు బజారులో ఎవరైనా కాదంటే అననీ. ఇంట్లో కూర్చుని నేనే దాని పొట్ట కొట్టనా?"

కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.  తర్వాత అడిగింది.

"మరి నాకు గిన్నె తోమడం రాదన్నారట?"

"అది నిజమే."

టీచరమ్మ ఫక్కున నవ్వింది. దాంతో గదిలో అందరి మొహాలూ కొంచెం వదులయ్యాయి, పెద్దసారిది తప్ప. కోడలు కళ్లు తుడుచుకుని బల్ల దగ్గరికి వెళ్లి అసలు పెట్టెను మళ్లీ వేసింది. అది జుమ్మంది.

"అత్తయ్యా, ఇది నేను చేసిందే. ఒట్టు. ఇందాకటి మాట మరిచిపోండి. దీని గురించి ఉన్నదున్నట్టు చెప్పండి."

"చెప్పేదా?"

"చెప్పండి."

"తర్వాత మొహం ముడుచుకోకూడదు."

"ముడుచుకోను."

అత్తగారు కుర్చీ లాక్కుని పెట్టె ముందు కూర్చుంది. చెవి పెట్టింది, చెయ్యి పెట్టింది, కాగితం ముక్క పెట్టింది. కాగితం ఎగిరి పెద్దసారి ఒళ్లో పడింది. ఆమె తల పంకించింది.

"పనైతే చేస్తోంది. కానీ ఆ జుయ్యిమనే మోతేంటి, చెవి దగ్గర దోమలాగా? ఉంటే బస్సులా నిండుగా ఉండాలి, లేకపోతే అసలుండకూడదు. గాలి మొహం మీదికి ఎందుకు కొట్టాలి? పైకి పోనీ, గది మొత్తం తిరిగి రానీ. స్విచ్ వీపు వెనక పెట్టావు, నడుము నొప్పివాళ్లు ఎలా వేస్తారు? దీపం కళ్లలో పొడుస్తోంది. ఇది వెలుగుతుంటే ఎవరికి నిద్ర పడుతుంది, నా కొడుక్కి తప్ప? మూలలు చూడు ఎంత వాడిగా ఉన్నాయో, వాడి వేలు ఊరికే పగిలిందా? దుమ్ము చేరే సంచీ ఏది?"

"లోపల, అత్తయ్యా. నాలుగు స్క్రూలు తీస్తే వస్తుంది."

"నాలుగు స్క్రూలా! దుమ్ము దులపడానికి మెకానిక్కుని పిలవాలా? నీకు ఇల్లు దులిపే అలవాటు లేదని లోకమంతటికీ లేదనుకున్నావా?"

ఒక్కో మాటకూ కోడలి మొహం ముడుచుకుపోబోయి, మళ్లీ విచ్చుకుంది. "పైకి తిప్పొచ్చు. గాలి దారి తిప్పితే మోత కూడా తగ్గుతుంది," అని తనలో తనే గొణుక్కుంటూ అత్తగారి పక్కన నేలమీద కూర్చుండిపోయింది. మాస్టారు గోడ వదిలి వచ్చి, మూలలు తను గుండ్రం చేసిస్తానన్నాడు. ముగ్గురూ పెట్టెను అటూ ఇటూ తిప్పుతూ వచ్చినవాళ్లను మరిచిపోయారు.

దుకాణాలావిడ లేచింది. "ఆమె చెప్పినవన్నీ సరిచేసి నా దగ్గరికి తీసుకురండి. నేను కొంటాను."

"ఇన్ని వంకలు విన్నాక కూడానా?" అన్నాడు పెద్దసారు.

"మీరు పొగుడుతుంటే నాకొక్క ముక్క నమ్మబుద్ధి కాలేదు. పనికిరానిదాన్ని ఎవరూ ఇంత శ్రద్ధగా తిట్టరండీ."

గాలి పెట్టె కొత్త మూలలతో, ముందువైపు స్విచ్‌తో బజారులోకి వచ్చింది. బాగానే పోతోంది. కోడలికి సొంత పని ఇచ్చారు. ఆమె ఇప్పుడు ఏ బొమ్మ గీసినా ముందు అత్తగారికే చూపిస్తుంది. అత్తగారు మెచ్చుకోవడం పూర్తిగా మానేసింది.

అత్తలను నమ్మడం పెద్దసారు కూడా మానేశాడు. తల్లులు పనికిరారు, అత్తలు పనికిరారు. చేసినవాళ్లెవరో తెలియని ఇల్లయితేనే అసలు నిజం బయటికొస్తుందని కొత్త సిద్ధాంతం కట్టాడు. అలాంటి ఇల్లు తనదే ఉందని గుర్తొచ్చి, తర్వాతి వస్తువైన బల్ల ఫ్యానును పేరూ ఊరూ చెప్పకుండా భార్య ముందు పెట్టి స్విచ్ వేశాడు.

ఆవిడ ఫ్యాను ముందు కూర్చుంది. ముంగురులు ఎగురుతున్నాయి.

"ఎలా ఉంది?" అన్నాడు పెద్దసారు.

"ఎవరు చేశారు?"

"అది చెప్పకూడదు."

"చెప్పకపోతే బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది?" అని ఆవిడ లేచి వెళ్లిపోయింది.